రోడ్డు మీద గంట, ఇంట్లో ఇరవై మూడు గంటలు

నిజామాబాద్ నుంచి మోస్రా, చందూర్ మీదుగా వర్ని వైపు సాగే రోడ్డు వరి కోతల రోజుల్లో రాత్రి కూడా నిద్రపోదు. ధాన్యం లారీలు, హార్వెస్టర్లు, మిల్లుల దగ్గర తూకాలు, హమాలీల చెల్లింపులు. అలాంటి రోజుల్లో చేతి సంచిలో లక్షలు పెట్టుకొని పొద్దుపోయాక ఇల్లు చేరే మిల్లు యజమానికి, ఆడ్తిదారుకు, ఫైనాన్సు వ్యాపారికి గుండె గుబగుబలాడటం సహజం. భూముల ధరలు పెరిగాక హద్దుల తగాదాలూ పెరిగాయి. అందుకే 'ఒక గన్ లైసెన్సు తీసుకుంటే పోలా' అన్న ఆలోచన బోధన్ ప్రాంతంలోనూ కొందరికి వస్తుంది. దాని వెంటే ఇంకో ప్రశ్న వస్తుంది: చొక్కా కింద కనబడకుండా, నడుముకు బరువు కాకుండా ఉండే చిన్న తుపాకీ ఏది? అడిగేవారి భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయలేం. కానీ లెక్క తప్పు. ఆ తుపాకీని మనిషి రోడ్డు మీద గడిపే ఒక్క గంట కోసం ఎంచుకుంటాడు. అదేమో మిగతా ఇరవై మూడు గంటలూ అతని ఇంట్లో, గల్లా పెట్టె దగ్గర, పిల్లల మధ్య, కోపతాపాల మధ్య ఉంటుంది. ఆ గంటలో అది చేసే మేలు మనం అనుకున్నదానికంటే చాలా తక్కువ. మిగతా గంటల్లో అది తెచ్చే ముప్పు మనం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1959 ఆయుధాల చట్టం అన్ని తుపాకులనూ ఒకే గాటన కట్టలేదు. ఆత్మరక్షణకో క్రీడకో వాడే పొడవు గొట్టం తుపాకీ విషయంలో, పంట కాపలాకు వాడే పాతకాలపు మందు దట్టించే తుపాకీ విషయంలో కాస్త ఉదారంగా ఉంది. రివాల్వర్, పిస్తోలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం తగిన కారణం ఉందని లైసెన్సు అధికారికి నమ్మకం కలగాలి. 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ జరగాలి, 2016 నిబంధనల ప్రకారం ఆయుధాన్ని భద్రంగా వాడటంలో శిక్షణ పొందినట్టు పత్రం ఉండాలి. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది, ఒక మనిషి దగ్గర ఉండదగ్గ తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది, పెళ్లిళ్లలో ఊరేగింపుల్లో సంబరంగా గాలిలోకి కాల్చడం జైలుకు పంపే నేరమైంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీని ఒరలో పెట్టి, పూర్తిగా కప్పి ఉంచి, తన అదుపులో పెట్టుకొని మాత్రమే తిరగాలని నిబంధనలు చెబుతున్నాయి. అంటే మన దగ్గర తుపాకీని దాచుకొని తిరగడం సొంత తెలివి కాదు, చట్టం పెట్టిన షరతు. నలుగురికీ కనబడేలా నడుముకు కట్టుకొని పంచాయితీలకు వెళ్లడానికి ఏ లైసెన్సూ అనుమతి ఇవ్వదు.

ఇక కొనడానికి దొరికేవేమిటి? సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం వంటి బోర్లు సామాన్య పౌరులకు నిషిద్ధం. అందువల్ల మన ఎంపిక ప్రధానంగా .32, .22 బోర్ల మధ్యే. ఢిల్లీలో 2012 డిసెంబరు నాటి సామూహిక అత్యాచార ఘోరం తర్వాత కాన్పూర్ ఆయుధ కర్మాగారం 2014 జనవరిలో 'నిర్భీక్' అనే .32 రివాల్వర్‌ను మహిళల కోసమంటూ తెచ్చింది. బరువు దాదాపు అరకిలో. ధర అప్పట్లో 1,22,000 రూపాయల పైచిలుకు. నగల పెట్టెలాంటి ముదురు ఎరుపు పెట్టెలో పెట్టి అమ్మారు. ఆ తర్వాత ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం నుంచి పావుకిలో బరువుండే .22 రివాల్వర్ 'నిడర్' వచ్చింది. 2023 ఆగస్టులో కాన్పూర్‌లోని ప్రభుత్వ సంస్థ 'ప్రబల్' అనే .32 రివాల్వర్‌ను విడుదల చేసి, 50 మీటర్ల దాకా గురి అందుతుందని ప్రకటించింది. దాని బరువు 700 గ్రాములు. పావుకిలో నుంచి ముప్పావు కిలో దాకా ఉన్న ఈ వరుసను చూస్తే ఎవరి చెయ్యయినా ముందు తేలికైన దాని మీదికే పోతుంది. జేబులో పట్టేస్తుంది, మే నెల ఎండలో పలచటి నూలు చొక్కా కింద కూడా బయటపడదు. మోయడానికి అంతకంటే సుఖమైనది లేదు. చిక్కంతా కాల్చే దగ్గరే.

ఎలాగో కాస్త దగ్గరగా చూద్దాం. గొట్టం చివర చిన్న మిట్ట, వెనక చిన్న గాడి ఉంటాయి. ఆ రెంటినీ ఒకే వరుసలోకి తెస్తేనే గురి. పొట్టి తుపాకీలో ఆ రెంటి మధ్య దూరం 10 సెంటీమీటర్లు అనుకుందాం. చెయ్యి వణికి మిట్ట ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, 10 మీటర్ల దూరంలో తూటా 10 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అదే తప్పు ఆ దూరం అరమీటరు ఉండే పొడవు తుపాకీతో చేస్తే తేడా 2 సెంటీమీటర్లే. పైగా తుపాకీ ఎంత తేలికైతే వెనక్కి అంత గట్టిగా తంతుంది, రెండో తూటాకు గురి అంతగా చెదురుతుంది. పిడి చిన్నదైతే చిటికెన వేలికి పట్టు దొరకదు. సుత్తిని ముందుగా వెనక్కి లాగకుండా కాల్చే రివాల్వర్‌లో మీటను చాలా బలంగా నొక్కాలి, ఆ నొక్కుడుకే గొట్టం కిందికో పక్కకో వాలుతుంది. రేంజిలో నింపాదిగా నిలబడినప్పుడే ఇవన్నీ కష్టం. గుండె దడదడలాడుతూ, నోరెండిపోతూ, చీకట్లో ఎదురుగా ఉన్నది ఎవరో పోల్చుకోలేని స్థితిలో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఈ లోపాన్ని పూడ్చేది సాధన ఒక్కటే. సాధనకు అనుమతి ఉన్న రేంజి కావాలి, తూటాలకు డబ్బు కావాలి, నెలనెలా తీరిక కావాలి. చెరుకు తోట గట్టు మీద సీసా పెట్టి కాల్చడం సాధన కాదు, నేరం. ఐదేళ్లకోసారి లైసెన్సు రెన్యువల్ చేయించుకోవడం తప్ప పెట్టె మూత తీయని మనిషికి ఆ తుపాకీ పరాయిదే.

దూరమూ సమయమూ ఇంకో లెక్క. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి డెనిస్ ట్యూలర్ 1983లో ఒక ప్రయోగాన్ని అక్షరబద్ధం చేశారు. 21 అడుగుల దూరంలో ఉన్న కత్తి మనిషి ఒకటిన్నర సెకన్లలో మీద పడగలడని, ఒరలో ఉన్న తుపాకీ తీసి గురి చూసి కాల్చడానికి శిక్షణ ఉన్న పోలీసుకే ఇంచుమించు అంత సమయం పడుతుందని తేలింది. ఆ పోలీసు తుపాకీ బయటికి కనబడే ఒరలో ఉంది. మన వ్యాపారి తుపాకీ చొక్కా కింద, ఒక చెయ్యి బండి హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి సంచి మీద ఉంటాయి. దారి కాచి దోచుకునేవాడు 21 అడుగుల దూరం నుంచి హెచ్చరించి రాడు, చెయ్యి చాచితే తగిలేంత దగ్గరికి వచ్చాకే కత్తి తీస్తాడు. 2025 అక్టోబరులో నిజామాబాద్ పట్టణంలో ఒక నిందితుణ్ణి బైకు మీద తీసుకెళ్తున్న కానిస్టేబుల్ కత్తిపోటుకు బలైపోయారు. ఆ నిందితుడే కొద్ది రోజులకు ఆసుపత్రిలో కాపలా పోలీసు తుపాకీ లాక్కోబోయాడని, అప్పుడు జరిగిన కాల్పుల్లో చనిపోయాడని పోలీసులు ప్రకటించారు. విధి నిర్వహణలో పోయిన ఆ ప్రాణం విలువను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. పోలీసు ఉద్యోగమే చేస్తున్నవారిని సైతం ఒక్క క్షణంలో కత్తి కబళించగలిగితే, పోలీసు నడుమున ఉన్న తుపాకీ మీదికే ఎదుటివాడి చెయ్యి పోగలిగితే, ఏడాదికోసారి కూడా కాల్చని మనిషి నడుమున ఉన్న తుపాకీ చివరికి ఎవరి చేతికి వస్తుందో చెప్పలేం.

ఇక ఇంట్లో గడిచే ఇరవై మూడు గంటలు. 2020 డిసెంబరు 18న ఆదిలాబాద్‌లోని తాటిగూడలో జరిగింది ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. పిల్లల క్రికెట్ ఆట దగ్గర మొదలైన గొడవ పెద్దల పాత కక్షలకు అంటుకుంది. మున్సిపల్ మాజీ వైస్ చైర్మన్ ఒకరు తన రివాల్వర్ తీసి కాల్చారు. ముగ్గురు గాయపడ్డారు, వారిలో ఒకరు వారం గడిచాక హైదరాబాద్ ఆసుపత్రిలో చనిపోయారు. 2022లో కోర్టు ఆయనకు యావజ్జీవ శిక్ష వేసింది. అది దొంగ తుపాకీ కాదు. విచారణ జరిపి, సంతకాలు చేసి, ప్రాణరక్షణకని ఇచ్చిన లైసెన్సు తుపాకీ. అది కాపాడాల్సిన ప్రాణం జైలుకు పోయింది, ఇంకో ప్రాణం మట్టిలో కలిసింది. దారి దోపిడీ బతుకులో ఒక్కసారైనా ఎదురవుతుందో లేదో. గట్టు తగాదా, కాలువ నీళ్ల వంతు, అన్నదమ్ముల పంపకం, ఎన్నికల పంతం మాత్రం ప్రతి ఇంటికీ ఏటా ఎదురయ్యేవే. తుపాకీ దొంగ కోసమే ఎదురుచూస్తూ కూర్చోదు, ముందు ఏ కోపం వస్తే దానికే పనికొస్తుంది.

కోపం కంటే నిశ్శబ్దమైన ప్రమాదం నిరాశ. పంట పోయి, అప్పు పెరిగి, మాట పడిన రాత్రి ఇంట్లో పురుగుమందు డబ్బా ఉండటం ఎంత చేటో మన పల్లెలకు వేరే చెప్పనక్కర్లేదు. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించాక ఆత్మహత్యలు భారీగా తగ్గాయి. అక్కడి కష్టాలు తీరిపోయి కాదు, కష్టం ముంచుకొచ్చిన ఆ గడియలో ప్రాణాంతకమైన వస్తువు చేతికి అందకపోవడం వల్ల. తుపాకీ పురుగుమందుకంటే కూడా తిరుగులేనిది, ఆసుపత్రికి మోసుకెళ్లే వ్యవధి కూడా ఇవ్వదు. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మందిని పన్నెండేళ్లపాటు గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, చేతి తుపాకీ ఉన్న పురుషులు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే అవకాశం లేనివారికంటే దాదాపు 8 రెట్లు, మహిళల్లో దాదాపు 35 రెట్లు ఎక్కువని తేలింది. అమెరికాలో 2023లో తుపాకీతో పోయిన దాదాపు 46,700 ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఆ తుపాకుల్లో చాలావాటిని కొన్న రోజున ఎవరో దొంగ కోసమనే కొని ఉంటారు. మనసు బాగాలేదని అనిపించిన రోజున ఆ మాట ఇంట్లోవాళ్లతోనో, స్నేహితులతోనో, డాక్టరుతోనో చెప్పుకోవాలి. ఆ రోజున ఇంట్లో తుపాకీ ఉండకూడదు.

మన నేలకు ఈ విషయంలో సొంత అనుభవం ఉంది. నక్సల్స్ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో తెలంగాణ పల్లెల్లో దొరల గడీల్లో, భూస్వాముల ఇళ్లలో ఉన్న లైసెన్సు తుపాకులు వాళ్లను కాపాడలేదు సరికదా, దళాలను ఆ ఇళ్లకే రప్పించాయి. తుపాకీ ఉన్న ఇల్లంటే తుపాకీ దొరికే ఇల్లని అర్థం. ఇవాళ కూడా ఎన్నికల నోటిఫికేషన్ రాగానే లైసెన్సు తుపాకులను ఠాణాలో జమ చేయమంటారు. ఊళ్లో ఆవేశాలు పెరిగే రోజుల్లో ఈ ఆయుధం జనం మధ్య ఉండకూడదని ప్రభుత్వమే గుర్తించిన ఏర్పాటు ఇది. మంచిదే. అయితే ఆవేశాలు ఎన్నికల నెలలోనే పెరుగుతాయా?

దీనికి మొదటి అభ్యంతరం బలమైనదే. నేరగాళ్లు లైసెన్సు అడిగి తుపాకీ కొనరు, నాటు తుపాకీ తెచ్చుకుంటారు, చట్టానికి లొంగే మనిషినే ఎందుకు వట్టి చేతులతో నిలబెట్టాలి అని. మన దేశంలో తుపాకీ నేరాలకు వాడేవి ఎక్కువగా లైసెన్సు లేనివేనన్నది నిజం. 2023లో సుప్రీంకోర్టు ఆ బెడదను తనంతట తానే విచారణకు తీసుకుంటూ, మన రాజ్యాంగంలో తుపాకీ ధరించే ప్రాథమిక హక్కు ఏదీ లేదని గుర్తుచేసింది. నాటు తుపాకీకి విరుగుడు దాన్ని చేసే కొలిమిని, అమ్మే దళారిని పట్టుకోవడమే. ఇంటింటికీ లైసెన్సు తుపాకీ ఇస్తే నేరగాడు జంకుతాడన్న వాదన నిజమైతే ఉత్తరప్రదేశ్ దేశంలోకెల్లా నిశ్చింతగా ఉండాలి. 2016 చివరినాటికి దేశంలోని దాదాపు 33 లక్షల 70 వేల లైసెన్సుల్లో దాదాపు 12 లక్షల 78 వేలు ఆ ఒక్క రాష్ట్రంలోనివే. అంత నిశ్చింత అక్కడ ఉందని ఎవరూ అనరు. ఫిలడెల్ఫియాలో తుపాకీ గాయాల పాలైన వారి మీద జరిగి 2009లో వెలువడిన అధ్యయనం కూడా దాడి సమయంలో తుపాకీ దగ్గరున్నవారికి తూటా తగిలే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఎక్కువని చెప్పింది. ప్రమాదంలో ఉన్నవాళ్లే తుపాకీ పెట్టుకొని ఉండవచ్చు కదా అన్న విమర్శ దాని మీద ఉంది, అది సబబే. అయినా తుపాకీ దగ్గరుంటే ప్రాణానికి ఢోకా లేదన్న ధీమాకు ఆ అంకెల్లో ఆధారం దొరకదు.

ఠాణా దూరం, పోలీసు వచ్చేలోపు అంతా అయిపోతుంది అన్నది రెండో మాట. మూడో మాట అమెరికా నుంచి వస్తుంది. మన ఊళ్ల పిల్లలు అక్కడ ఉన్నారు, అక్కడ సామాన్యులే తుపాకీ పెట్టుకొని తిరుగుతారు కదా అని. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో మన తెలుగు ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక జాతి దురహంకారి కాల్చి చంపాడు. ఆ రాష్ట్రంలో 2015 జులై నుంచే పర్మిట్ లేకుండా తుపాకీ దాచుకొని తిరగవచ్చు. ఆ స్వేచ్ఛ ఆ సాయంత్రం ఆయనకు అక్కరకు రాలేదు. అడ్డుకోబోయి తూటా దెబ్బతిన్న ఇయాన్ గ్రిలట్ వట్టి చేతులతోనే లేచాడు. ఠాణా దూరం అన్న బాధకు మందు ఠాణాను దగ్గర చేయడమే. చేయగలిగింది చాలా ఉంది. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో ధాన్యం డబ్బు నేరుగా రైతు ఖాతాలో పడుతుండటంతో ఆ మేరకు సంచిలో మోసే నగదు తగ్గింది. దొంగకు ఎర తగ్గడమంటే అదే. మిల్లులూ ఆడ్తులూ కూలీ చెల్లింపులను కూడా ఖాతాలకు మార్చుకోవచ్చు. తప్పనిసరైన నగదును వేళ మార్చి, దారి మార్చి, ఇద్దరు ముగ్గురు కలిసి పగలే తరలించవచ్చు. మలుపుల దగ్గర దీపాలు, మిల్లుల గేట్ల దగ్గర కెమెరాలు, కోతల నెలల్లో రాత్రి గస్తీ కావాలని గట్టిగా అడగవచ్చు.  పైగా ఇవి ఆ దారిన పోయే ప్రతి మనిషినీ కాపాడతాయి.

ఆడవాళ్ల రక్షణ అన్న మాట అన్నిటికంటే సున్నితమైనది. నగల పెట్టెలో రివాల్వర్ పెట్టి అమ్మినవాళ్ల మనసులో చీకటి దారిలో ఎదురయ్యే అపరిచితుడే ఉన్నాడు. కానీ జాతీయ నేర గణాంకాల ప్రకారం ఇటీవలి సంవత్సరాల అత్యాచారం కేసుల్లో నూటికి 90 పైచిలుకు నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. బంధువు, పొరుగువాడు, స్నేహితుడు, పని ఇచ్చేవాడు. ఆ నమ్మకద్రోహం దగ్గర హ్యాండ్‌బ్యాగులోని రివాల్వర్ బయటికి తీసేలోపే జరగాల్సిన ఘోరం జరిగిపోతుంది. పైగా మగవాడి కోపాన్నీ తాగుడునూ తట్టుకుంటున్న ఇంట్లో అదే రివాల్వర్ ముందు ఎవరివైపు తిరుగుతుందో ఆలోచించాలి. ఆడపిల్లకు కావలసింది ఫిర్యాదు చెబితే నమ్మే ఇల్లు, రాసుకునే ఠాణా, త్వరగా తేల్చే కోర్టు. షీ టీమ్స్ వంటి ఏర్పాటు జిల్లా కేంద్రం దాటి చందూర్ వంటి చిన్న మండలంలో కూడా గట్టిగా పనిచేయడం.

చివరిగా హక్కుల మాట. 1878లో బ్రిటిష్‌వాళ్లు చట్టం తెచ్చి భారతీయుల చేతుల్లోంచి ఆయుధాలు లాక్కున్నారని, 1931 కరాచీ తీర్మానంలో కాంగ్రెస్ ఆయుధం కలిగి ఉండే హక్కును కోరిందని వాదించేవారున్నారు. చరిత్ర నిజమే, అయితే ఆ తీర్మానం కూడా నిబంధనలకు లోబడి అనే అన్నది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును చేర్చాలని ప్రతిపాదిస్తే అంబేడ్కర్ ఒప్పుకోలేదు, సభ తిరస్కరించింది. అప్పటికి రెండున్నర నెలల కిందటే మన ప్రాంతం రజాకార్ల ఏలుబడి నుంచి బయటపడింది. ప్రైవేటు చేతుల్లో తుపాకులుంటే ఊళ్లకు ఏమవుతుందో నిజాం తెలంగాణకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

అయినా నిజంగా ప్రాణం మీదికి వచ్చినవాళ్లు కొందరుంటారు. సాక్షి, బెదిరింపులు ఎదుర్కొంటున్న వ్యాపారి, రిటైరైన పోలీసు అధికారి. వారికి లైసెన్సు ఇవ్వకూడదని ఎవరూ అనరు. వారు ఎంచుకునేటప్పుడు 'ఎంత చిన్నది' అన్న ప్రశ్నను చివరికి నెట్టాలి. రెండు చేతులా పిడికి పట్టు దొరికేది, సొంత చేత్తో రేంజిలో పదిసార్లు కాల్చి పదిసార్లూ గురి కుదిరింది ఏదైతే అదే సరైనది, పావుకిలో బరువు ఎక్కువైనా సరే. మీటను పూర్తిగా కప్పే గట్టి ఒర, మన ఎండలకు చెమట పట్టి తుప్పెక్కకుండా రోజూ తుడిచే అలవాటు, తాగిన రోజున ముట్టుకోననే నిష్ఠ ఉండాలి. లైసెన్సు ఇచ్చే అధికారి కూడా ఐదేళ్లకోసారి కాగితం చూసి సరిపెట్టకుండా ఏటా కాల్పుల పరీక్ష పెట్టాలి, ఇంట్లో గోడకు బిగించిన ఇనుప పెట్టె ఉందో లేదో చూడాలి, ముప్పు ఇంకా ఉందా లేదా అని తిరిగి అడగాలి. ముప్పు తీరిన రోజున తుపాకీ ఠాణాకు తిరిగి రావాలి.

లైసెన్సు కోసం దరఖాస్తు నింపే ప్రతి మనిషీ సంతకానికి ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. రాత్రి ఇల్లు చేరి, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కొని, చొక్కా విప్పి కొయ్యకు తగిలించే వేళ నడుమున ఉన్న తుపాకీని ఎక్కడ పెడతాడు? బీరువాలో బట్టల కిందా, తలగడ కిందా, అటక మీదా? ఆ చోటు ఇంట్లో పిల్లలకు తెలియదని అతను ప్రమాణం చేసి చెప్పగలడా? సంతకం పెట్టే చెయ్యి ఆగిపోతే దరఖాస్తు కూడా అక్కడే ఆగిపోవడం మంచిది.